నా యుద్ధాల పిచ్చి – మా తాత టోపి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు ముందు భయపడ్డాను. కవిత్వం నాకు రాదు. ‘విద్యార్థులు – క్రమశిక్షణ’ అని రాద్దామంటే నా క్రమశిక్షణ సంగతి సార్‌కు బాగా తెలుసు. స్టడీ అవర్లో సోషల్ పుస్తకం మధ్యలో యుద్ధట్యాంకుల బొమ్మలు పెట్టుకొని పట్టుబడినవాణ్ణి నేను. “నీకు తెలిసిందే రాయరా. నీ మిలిటరీ గురించి రాయి” అన్నారు సార్ నవ్వుతూ. అందుకే ఈ నాలుగు మాటలు.

మన హాస్టల్లో నా అసలు పేరు చాలామందికి తెలియదు. అందరూ ‘మిలిటరీ’ అనే పిలిచేవారు. నాతో చదివినవాళ్ళు ఈ పేజీ చూడగానే గుర్తుపడతారు. ఆ పేరు నాకు ఆరో తరగతిలో, ఒక జనవరి 26 నాడు వచ్చింది. పొద్దున జెండా ఎగరేసి, బిస్కట్లు పంచి, మధ్యాహ్నం డైనింగ్ హాల్లో టీవీ పెట్టారు. ‘బోర్డర్’ సినిమా వస్తోంది. హిందీ మాటలు సగం అర్థం కాలేదు. అయినా కదలకుండా కూర్చున్నాను. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా అనే చోట మన సైనికులు దాదాపు 120 మంది ఉన్నారు. ఎదురుగా వరస కట్టి వస్తున్న శత్రువుల ట్యాంకులు. మన హంటర్ విమానాలు రాత్రిపూట ఎగరలేవు. తెల్లవారేదాకా ఎట్లాగైనా నిలబడాలి. సరిగ్గా తెల్లవారబోయే సమయానికి మన హాస్టల్లో కరెంటు పోయింది!

అందరూ లేచి ఆటకు పోయారు. నేను మాత్రం కరెంటు కోసం ఆ చీకటి టీవీ ముందే కూర్చున్నాను. కామాటి అన్న వచ్చి “ఏందిరా మిలిటరీ, బార్డర్ల కాపలా ఉన్నవా?” అన్నాడు. ఆ పేరు అట్లాగే నిలిచిపోయింది. విమానాలు వచ్చాయో లేదో నాకు ఏడో తరగతిలో గాని తెలియలేదు. మళ్ళీ ఆగస్టు 15కు అదే సినిమా వేస్తే అప్పుడు చూశాను. ఆ రోజు నాకు కలిగిన ఆనందం పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

అప్పటి నుండి నా ట్రంకు పెట్టె ఒక మ్యూజియం అయ్యింది. మూత లోపలి వైపు పేపర్లలో వచ్చిన విమానాలు, ఓడల బొమ్మలు అంటించాను. గోదావరిఖనిలో పాత ఇనుప సామాను కొనే దుకాణం ముందు గంటలు గంటలు నిలబడి ఒకసారి ఖాకీ గుడ్డ తొడిగిన అల్యూమినియం నీళ్ళ సీసా సంపాదించాను. ఒక సీనియర్ అన్న తన ఎన్.సి.సి. టోపీ ఇచ్చాడు. మూడు సింహాల ఇత్తడి గుండీలు నాలుగు, ఒక బెల్టు బకిల్, యుద్ధనౌకల తపాలా బిళ్ళలు కొన్ని... ఇవే నా ఆస్తి. కాస్మొటిక్ డబ్బులు వస్తే అందరూ సబ్బులు, నూనె కొనుక్కునేవారు. నేను బ్రాసో డబ్బా కొని గుండీలు తోముకునేవాణ్ణి! ఇంటర్ అయ్యాక ఒకసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంత చూశాను. అక్కడ ‘కమాండో’ అనే చిన్న బొమ్మల పుస్తకాలు నాలుగు దొరికాయి. 1961 నుండి బ్రిటన్‌లో వస్తున్న యుద్ధ కథలు అవి. భోజనం మానేసి కొన్నాను. చెబితే నవ్వుతారు గాని, నా ఇంగ్లీషు కాస్త బాగుపడింది వాటి వల్లనే.

మన హాస్టల్లో ఉన్నప్పుడే రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. ఒకటి 2015లో వచ్చిన ‘కంచె’. రెండవ ప్రపంచ యుద్ధంలో మన సైనికులు ఇటలీలో పోరాడటం, ఇక్కడ ఊళ్ళో కులం పేరుతో మనుషుల మధ్య కంచె వేయడం – రెండూ కలిపి తీశారు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. ఒక్క ఇటలీలోనే ఐదు వేల మందికి పైగా మనవాళ్ళు చనిపోయారు. రెండవది 2017లో వచ్చిన ‘ఘాజీ’. జలాంతర్గామి లోపల జరిగే కథ. అది చూసి వచ్చిన రాత్రి మా గదిలో దుప్పట్లు కట్టి జలాంతర్గామి తయారుచేశాం. వార్డెన్ సార్ టార్చిలైటు పడగానే అది మునిగిపోయింది.

“ఇంత పిచ్చి ఉన్నవాడివి సైన్యంలో ఎందుకు చేరలేదు?” అని చాలామంది అడుగుతారు. దాచడం ఎందుకు? పోయాను. సైనిక నియామక ర్యాలీలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. మూడు రౌండ్లు బాగానే పరుగెత్తాను. నాలుగో రౌండులో వెనుకబడ్డాను. నా ముందే తాడు పట్టేశారు. ఆ తాడు ఇవతల నిలబడి ఏడ్చాను. ఇంటికి వచ్చి గుండీలు, సీసా అన్నీ మూటకట్టి అటక మీద పారేశాను. వారం రోజుల తరువాత మళ్ళీ దించి తోమాను. ప్రేమ అంటే అంతే కదా!

ఇంతవరకు ఇది ఒక సినిమా పిచ్చివాడి కథ. అసలు సంగతి 2020లో మొదలైంది.

కరోనా లాక్‌డౌన్‌లో హాస్టళ్ళు, కాలేజీలు మూసేశారు. నేను గోదావరిఖనిలో మా ఇంటికి చేరాను. మాది రెండు గదుల ఇల్లు. నాన్న ఆటో నడుపుతారు, అప్పుడు అదీ ఆగిపోయింది. మా తాత 2008 దాకా బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. మొదట తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపేవాడట. తరువాత టింబర్‌మన్ అయ్యాడు. అంటే బాయి లోపల కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ఇప్పుడు దమ్ము ఎక్కువ. నాలుగడుగులు నడిస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. కరోనా భయానికి ఆయనను గడప దాటనివ్వలేదు. పగలంతా నేను, తాత, నా దోస్తు దగ్గర తెచ్చిన పాత లాప్‌టాప్. అట్లా తాతకు యుద్ధ సినిమాలు చూపించడం మొదలుపెట్టాను.

తాతకు ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చొని చెప్పేవాణ్ణి. ‘గన్స్ ఆఫ్ నవరోన్’ చూసి కొండ ఎక్కే చోట “గా తాడు ఆగదు” అన్నాడు. ‘గ్రేట్ ఎస్కేప్’లో ఖైదీలు సొరంగం తవ్వుతుంటే మాత్రం లేచి కూర్చున్నాడు. మంచాల పలకలు ఊడదీసి సొరంగానికి ఆనించడం చూసి “గది పని! మా లెక్కనే!” అని సంబరపడ్డాడు. నేను వంద సినిమాలు చూసి ఉంటాను గాని ఆ పలకలను ఎన్నడూ చూడలేదు. నేను చూసింది హీరో మోటారు సైకిలును!

ఒకరోజు ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ పెట్టాను. 1957లో వచ్చిన సినిమా. ఏడు ఆస్కార్ అవార్డులు తెచ్చుకుంది. జపాన్ వాళ్ళకు చిక్కిన బ్రిటిష్ సైనికులు అడవిలో నది మీద కర్రల వంతెన కడతారు. వాళ్ళ కల్నల్‌కు ఆ వంతెన మీద మమకారం పెరిగి అది శత్రువుకు పనికొస్తుందన్న సంగతే మరచిపోతాడు. నాకు ప్రాణమైన సినిమా. వంతెన పూర్తయ్యి, దొరలు నిలబడి మెచ్చుకుంటుంటే నేను తాత ముఖం చూశాను. తాత మెచ్చుకోలేదు.

“గన్ని దుంగలు ఎవలు మోసిన్రు బిడ్డా?” అన్నాడు.

“సైనికులే తాతా, చూపిచ్చిన్రు గదా.”

“వీళ్ళతోని గాదు. నేను నలభై ఏండ్లు కర్ర మోసిన, నాకు ఎరికలేదా? అడవి నరుకుడు, మోసుడు, మట్టి పోసుడు... వేలమంది కావాలె. వాళ్ళేరి? సిన్మల ఒక్కడు గూడ సరిగ కనవడడాయె.”

నాకు కొంచెం కోపం వచ్చింది. అంత గొప్ప సినిమాకు వంక పెడతాడా అని! ఆ కోపంతోనే తాత మాట తప్పని నిరూపించడానికి వెతకడం మొదలుపెట్టాను. మిత్రులారా, తాత మాటే నిజం.

ఆ రైలు మార్గం నిజంగా ఉంది. థాయ్‌లాండ్ నుండి బర్మాకు 415 కిలోమీటర్లు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకు పట్టాలు కలిపేశారు. దాని మీద పనిచేసిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు 60 వేల పైచిలుకు, వాళ్ళలో చనిపోయినవారు 12 వేలకు పైగా. కాని వాళ్ళ పక్కనే రెండు లక్షల దాకా ఆసియా కూలీలను పనికి పెట్టారు. బర్మా వాళ్ళు, జావా వాళ్ళు, మలయా రబ్బరు తోటల నుండి తెచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు. కలరా, మలేరియా, ఆకలితో వాళ్ళలో 90 వేల దాకా చనిపోయారని అంచనా. అంచనా అని ఎందుకు రాస్తున్నానంటే లెక్క పెట్టినవాళ్ళు లేరు. థాయ్‌లాండులోని కాంచనబురిలో చనిపోయిన సైనికులకు వరసగా సమాధులు ఉన్నాయి. సమాధి మీద పేరు, నంబరు, వయసు కూడా ఉంటాయి. కూలీలకు అట్లాంటిది లేదు. మన ఆంధ్ర తీరం నుండి పొట్ట చేతపట్టుకొని ఓడ ఎక్కి మలయాకు పోయిన కూలీల పిల్లలు ఆ అడవిలో పట్టాల కింద కలిసిపోయారు. నేను ఆ సినిమాను పదిసార్లు చూసి వాళ్ళను ఒక్కసారి కూడా వెతకలేదు. తాత మొదటిసారికే వెతికాడు.

ఆ తరువాత నేను ప్రతి సినిమాను తాత కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. ఎం.ఏ.లో చేరాక లైబ్రరీలో కూడా అదే వెతుకులాట. అప్పుడు తెలిసింది బొగ్గుకు, యుద్ధానికి ఎంత దగ్గరి చుట్టరికమో!

మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని మెస్సీన్ దగ్గర జర్మన్ల కందకాల కింద సొరంగాలు తవ్వి 1917 జూన్ 7న 19 చోట్ల మందుపాతరలు పేల్చారు. ఆ సొరంగాలు తవ్వినవాళ్ళలో చాలామంది బొగ్గుగని కార్మికులు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు బొగ్గు కొరత వచ్చింది. అప్పటి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ 1943 డిసెంబరులో ఒక లాటరీ పెట్టాడు. సైన్యానికి పిలుపు వచ్చిన కుర్రాళ్ళలో నంబరు చివరి అంకె లాటరీలో వచ్చినవాళ్ళంతా తుపాకీ బదులు గనిలోకి దిగాలి. దాదాపు 48 వేల మంది ఇట్లా గనుల్లో పనిచేశారు. వాళ్ళను ‘బెవిన్ బాయ్స్’ అన్నారు. వాళ్ళకు యూనిఫాం లేదు, పతకాలు లేవు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు యూనిఫాం లేకుండా వీధిలో కనబడితే యుద్ధానికి భయపడి దాక్కున్నారని జనం హేళన చేశారు. వాళ్ళకు ప్రభుత్వం ఒక బ్యాడ్జి ఇచ్చింది 2008లో. అప్పటికి బతికి ఉన్నవాళ్ళు ఎనభై ఏళ్ళు దాటిన ముసలివాళ్ళు. అదే 2008లో మా తాత రిటైరయ్యాడు.

ఇంకొక సంగతి మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోవాలి. బాబాసాహెబ్ అంబేడ్కర్ పుట్టింది మౌ అనే సైనిక కంటోన్మెంటులో. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఇది మనకు పాఠాల్లో ఉంది. కాని 1942 నుండి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. దేశంలోని బొగ్గు గనుల కార్మికుల బాధ్యత ఆయనదే. సరిగ్గా బెవిన్ లాటరీ తీసిన ఆ 1943 డిసెంబరులోనే అంబేడ్కర్ ధన్‌బాద్ వెళ్ళి బొగ్గు గనిలోకి దిగి చూశారు. మన హాస్టల్ గోడ మీది ఫోటోలో సూటు, టై వేసుకున్న ఆయన, బాయిలోకి దిగాడంటే తాత మొదట నమ్మలేదు. “నిజంగ లోపటికి దిగిండా?” అని రెండుసార్లు అడిగాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

అదే ఏడాది యుద్ధానికి బొగ్గు చాలక, ఆడవాళ్ళు గని లోపల పనిచేయరాదన్న నిషేధాన్ని ఎత్తేశారు. శాసనసభలో దీని మీద 1944 ఫిబ్రవరిలో గట్టిగా చర్చ జరిగింది. సర్కారు తరఫున జవాబు చెప్పవలసింది అంబేడ్కరే. ఇది యుద్ధకాలపు అవసరమని, ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా కూలి ఇస్తున్నామని ఆయన చెప్పారు. 1946లో నిషేధం మళ్ళీ వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు మనసులో ఇబ్బందిగా అనిపించింది. అంతటి మనిషి కూడా యుద్ధం ముందు అట్లా నిలబడవలసి వచ్చిందే అని. కాని దాచి పెడితే చదువుకున్న ఫలితం ఏముంది? యుద్ధం అంటే సరిహద్దులో తుపాకి పట్టినవాడు ఒక్కడే కాదు. ఎక్కడో ధన్‌బాద్ దగ్గర చీకట్లో బొగ్గు తట్ట ఎత్తిన తల్లి కూడా. ఆమె మీద సినిమా ఎవరూ తీయలేదు.

2022లో డిగ్రీ పరీక్షలు అయిపోయాక తాతను విశాఖపట్నం తీసుకుపోయాను. “చచ్చేలోగ సముద్రం సూడాలె” అనేవాడు. నా స్వార్థం వేరు, నాకు ‘కురుసుర’ చూడాలి. నాన్న, తాత, నేను పెద్దపల్లిలో రైలెక్కి వరంగల్‌లో బండి మారి పోయాం. తాత సముద్రాన్ని చూసి “గోదారి మస్తుగ పెరిగినట్టుంది” అని ఊరుకున్నాడు.

బీచి ఒడ్డున ఇసుక మీద నిలబెట్టిన జలాంతర్గామి కురుసుర. సోవియట్ యూనియన్ నుండి కొన్నది. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరి 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. 2002లో మ్యూజియం అయ్యింది. 91 మీటర్ల పొడవు. లోపల 75 మంది ఉండేవారు. నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్ళే అక్కడ గైడ్లు. ఒక గది నుండి ఇంకో గదికి గుండ్రటి రంధ్రంలో నుండి వంగి దూరాలి. తాతకు దమ్ము వస్తుందేమోనని నాకు భయం. ఆయన మాత్రం చెయ్యి పైన పెట్టి, తల వంచి, కాలు ముందు వేసి ఎంత సులువుగా దూరాడో! నేను రెండుసార్లు తల కొట్టుకున్నాను.

నేను టార్పెడోలు చూద్దామని ముందుకు లాగుతుంటే తాత గైడును పట్టుకొని “గాలి ఎట్లొస్తది సారూ?” అని అడిగాడు. ఆ గైడు ఆగిపోయాడు. అందరూ ఫోటోలు తీసుకునే చోట గాలి గురించి అడిగినవారు అరుదేమో! ఆయన వివరంగా చెప్పాడు. నీటిపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు బ్యాటరీలను ఛార్జి చేస్తాయి. లోపలికి మునిగాక ఆ బ్యాటరీలతోనే నడవాలి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీల నుండి హైడ్రోజన్ వస్తుంది, అది పేరుకుపోతే పేలుతుంది, అందుకే గాలి ఆడటం మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి. తాత తల ఊపాడు. “మాకు గట్లనే, గ్యాసు ఉంటది. దీపం ఎత్తి సూసుకోవాలె.” “మీరెక్కడ చేశారు పెద్దాయనా?” “బొగ్గు బాయిల.” ఆ మాట వినగానే గైడు తాత చెయ్యి పట్టుకున్నాడు. వెనుక జనం ఆగిపోయినా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎన్ని రోజులు ఎండ చూడకుండా ఉండేవారు, నీళ్ళు ఎట్లా పొదుపు చేసేవారు, పక్కవాడు భయపడితే ఏం చేసేవారు... నేను ఆ పక్కనే నిలబడి విన్నాను. పదేళ్ళుగా సినిమాల్లో వెతుక్కున్న సైనికుడు మా ఇంట్లోనే మంచం మీద పడుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

బయటికి వచ్చాక తీరం పొడుగునా నడిచి 1971 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’ దగ్గర కూర్చున్నాం. నేను ఉత్సాహంగా ఘాజీ కథ చెప్పాను. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ఈ సముద్రంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మన రాజ్‌పుత్ నౌక ముంచిందని మనం అంటాం, లోపలే పేలుడు జరిగిందని వాళ్ళు అంటారు. అందులో ఉన్న తొంభై మందికి పైగా ఒక్కరూ బతకలేదు.

తాత నాలాగా చప్పట్లు కొట్టలేదు. “ఒక్క తాపనేనా?” అన్నాడు. “నీళ్ళు సొచ్చినయా?”

నాకు నోట మాట రాలేదు. 2003 జూన్‌లో గోదావరిఖనిలో ఒక బాయిలోకి నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడు నేను రెండేళ్ళ పిల్లవాణ్ణి. అందులో తాతకు తెలిసినవాళ్ళు ఉన్నారట. నాకు ఆ రోజే మొదటిసారి చెప్పాడు. వాళ్ళ ఇంటి పేర్లతో సహా చెప్పాడు. ఎదురుగా సముద్రం చప్పుడు. ఆయన ఆ తొంభై మందిని శత్రువులని అనలేదు. “పాపం, సీకట్ల పోయిన్రు” అన్నాడు.

ఇంటికి తిరిగి వచ్చిన తెల్లవారి, పెరట్లో పళ్ళు తోముకుంటుంటే కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. అవి తాగుతున్నది తాత హెల్మెట్‌లో. తాత దాన్ని ‘టోపి’ అంటాడు. బాయికి పోయినప్పుడు పెట్టుకున్నది. రిటైరైనప్పటి నుండి అది కోళ్ళ నీళ్ళ గిన్నె. నేను రోజూ చూసేదే. ముందు భాగంలో దీపం తగిలించే కొక్కెం ఉంది. వెనుక వైరు పట్టే క్లిప్పు విరిగింది. నడినెత్తిన లోతుగా ఒక గీత ఉంది.

ఎవరివో తెలియని నాలుగు ఇత్తడి గుండీలను బ్రాసో పెట్టి తోమిన నేను, ఏ సైనికుడిదో తెలియని నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి దాచిన నేను, మా తాత తలను నలభై ఏళ్ళు కాచిన దాన్ని కోళ్ళకు వదిలేశాను. బ్రష్షు నోట్లో ఉండగానే వెళ్ళి దాన్ని తీశాను. కడుగుతుంటే తాత చూసి “కోళ్ళకు ఏం పెడ్తవ్‌రా?” అన్నాడు. “గీ గీత ఎప్పటిది తాతా?” అని అడిగాను. చెప్పాడు. కప్పును కర్రతో తట్టి చూశాడట. గట్టి కప్పు అయితే ఒక చప్పుడు, డొల్ల అయితే ఒక చప్పుడు. ఆ రోజు డొల్ల చప్పుడు వచ్చింది. అరిచి ముగ్గురిని వెనక్కి నెట్టాడు. చివర తాను రావడంలో ఒక్క అడుగు ఆలస్యమైంది. “గంతే. ఎవలకేం గాలే” అని బీడీ కోసం జేబు తడుముకున్నాడు. డాక్టరు మానమన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

ముగ్గురి ప్రాణాలు కాపాడిన మనిషి. ఇదే సినిమాలో జరిగితే నేను ఈల వేసేవాణ్ణి. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఒక్కసారీ అడగలేదు.

అంటే నాకు యుద్ధ సినిమాల మీద ప్రేమ పోయిందా? పోలేదు. పోదు కూడా. ఇప్పటికీ జనవరి 26న ‘బోర్డర్’ వస్తే కూర్చుంటాను. కరెంటు పోతే ఇప్పటికీ గుండె ఆగుతుంది. ఈ మధ్య ‘బాలెడ్ ఆఫ్ ఎ సోల్జర్’ అనే రష్యన్ సినిమా చూశాను. 1959లో వచ్చింది. రెండు ట్యాంకులను కొట్టిన ఒక కుర్ర సైనికుడు పతకం వద్దు, అమ్మను చూసి ఇంటి కప్పు బాగుచేసి వస్తానని సెలవు అడుగుతాడు. దారిలో వాళ్ళకు వీళ్ళకు సాయం చేస్తూ పోయేసరికి సెలవంతా అయిపోతుంది. అమ్మతో గడిపింది కొన్ని నిమిషాలే. హాస్టల్లో పెరిగి, పండుగ సెలవులకు ఇంటికి పోయి, బస్సు దిగగానే మళ్ళీ బస్సెక్కే రోజు లెక్కపెట్టుకున్న మనకు ఆ సినిమా ఎవరూ వివరించనక్కర లేదు. తమ్ముళ్ళూ, వీలైతే తప్పక చూడండి.

మారింది ఒక్కటే. ఇదివరకు తెర మధ్యలో ఉన్నవాణ్ణి చూసేవాణ్ణి. ఇప్పుడు అంచున ఉన్నవాళ్ళను కూడా చూస్తున్నాను. నా ట్రంకు పెట్టెలో ఇప్పుడు గుండీలు, సీసా, ఎన్.సి.సి. టోపీ ఉన్నాయి, వాటి పైన తాత టోపి ఉంది. కోళ్ళకు కొత్త ప్లాస్టిక్ గిన్నె కొన్నాను. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు రోజూ సాయంత్రం తాత పక్కన నోటుబుక్కు పట్టుకొని కూర్చుంటాను. ఆయన చెప్తాడు, నేను రాస్తాను. ఒక పేజీ అయ్యేసరికి దమ్ము వచ్చి ఆగుతాడు. కొన్నిసార్లు సగం పేజీకే ఆగుతాడు. ఇప్పటికి 64 పేజీలు అయ్యాయి. తొందరపెట్టడానికి లేదు, ఆలస్యం చేయడానికీ లేదు.

చివరగా ఒక చిన్న విన్నపం. మన హాస్టల్ లైబ్రరీ గదిలో ఒక బీరువా ఖాళీగా ఉందని వార్డెన్ సార్ అన్నారు. వచ్చే వార్షికోత్సవానికి మనం ఒక్కొక్కరం ఇంటి నుండి ఒక్కో వస్తువు తెద్దాం. అమ్మ బీడీలు చేసిన చాట, కత్తెర. నాన్న చెప్పులు కుట్టిన ఆరె. నాయనమ్మ కైకిలికి పట్టుకుపోయిన కొడవలి. ఏదైనా సరే. పక్కన ఒక కాగితం మీద వాళ్ళ పేరు, ఊరు, ఎన్నేళ్ళు ఆ పని చేశారో రాసి పెడదాం. కాంచనబురిలో ఆ కూలీలకు దక్కని పేరు మనవాళ్ళకు మన బీరువాలోనైనా దక్కనీ.

మొదటి వస్తువు నేనే తెస్తాను. తాతను అడిగాను. “తీస్కపో, కని పిల్లలు నెత్తిన పెట్టుకొని ఆడుతరు, జాగ్రత్త” అన్నాడు. ఆడనీయండి తాతా అన్నాను.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ ‘మిలిటరీ’
పూర్వ విద్యార్థి, ఎం.ఏ.